గడప అవతలి కుర్చీ

నేను ఒక కుర్చీని. టేకు కర్ర, పేము అల్లిక, రెండు చేతులు, కొంచెం వెనక్కి వాలిన వీపు. మనుషుల గురించి మాట్లాడే అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ లేదని నా అభిప్రాయం. మీరు ఒకరి ముఖం ఒకరు చూసి అంచనా వేసుకుంటారు. ముఖాన్ని ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు. బరువుతో ఆ పని కుదరదు. మనిషి నామీద కూర్చోగానే తెలిసిపోతుంది, ఇది తన చోటే అనుకుని కూర్చున్నాడో, ఎవరైనా వచ్చి లేపుతారేమోనని అంచుమీద కూర్చున్నాడో. అంచుమీద కూర్చునేవాళ్ళే ఎక్కువ. చూసేవాళ్ళకి మాత్రం ఇద్దరూ ఒకేలా కనబడతారు.

నన్ను చేసినవాడు వేములమెరక కోటాచారి. మునసబు బసవయ్య గారి పాత మిద్దె పడగొట్టినప్పుడు దిగిన దూలం నుంచి నన్ను తీశాడు. మునసబు గారికి ఒకటే కోరిక. తాను కూర్చున్నప్పుడు ఎదుట నిలబడ్డవాడి తల తన తలకంటే పైకి రాకూడదు. కోటాచారి రెండు రోజులు ఆలోచించాడు. కూర్చున్న మనిషి నిలబడ్డ మనిషికంటే ఎత్తు కావాలంటే కుర్చీ కాదు, మంచె కట్టాలి. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. "కుర్చీని అరుగుమీద వేయించండి బాబూ, వచ్చినోళ్ళని వాకిట్లో నిలబెట్టండి" అన్నాడు. మునసబు గారికి అది బ్రహ్మాండంగా నచ్చింది. పని పూర్తయ్యాక, పంపించేముందు, కోటాచారి కాళ్ళు సమంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఒక్కసారి నామీద కూర్చుని లేచాడు. ఆయన నామీద కూర్చోవడం అదే మొదలు, అదే చివర.

ముప్పయ్యేళ్ళు ఆ అరుగుమీద ఉన్నాను. వాకిట్లో నిలబడ్డవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. వాళ్ళలో పల్లెనుంచి వచ్చిన సింగయ్య అనే కూలి ఒకడు. కొడుకుని హాస్టల్లో చేర్చడానికి కాయితం మీద మునసబు గారి సంతకం కావాలి. మొదటి రోజు మునసబు గారు భోంచేస్తున్నారు. రెండో రోజు పేకాటలో ఉన్నారు. మూడో రోజు ఖాళీగానే ఉన్నారు కానీ వెంటనే పెడితే బాగుండదనిపించింది. సింగయ్య మూడు రోజులూ ఎండలో చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డాడు. నాలుగో రోజు పొద్దున సంతకం పడింది. చేస్తే పట్టుమని మూడు క్షణాల పని.

తర్వాత మునసబు పదవి పోయింది. కొన్నేళ్ళకి మునసబు గారూ పోయారు. కొడుకులు పంపకాలు చేసుకుని, ఎవరికీ అక్కర్లేని సామాను వాకిట్లో పెట్టి అమ్మేశారు. రోకలి, గంగాళం, నేను. అప్పుడొక కారు వచ్చి ఆగింది. దిగినాయన పేరు ఎలీషా. సిమెంటు రోడ్లూ కల్వర్టులూ కట్టించే కాంట్రాక్టరు. టౌన్లో మేడ. సింగయ్య కొడుకు. నిలబడ్డ మూడు రోజుల కథ ఆ ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నట్టుంది, మిగతా సామాను వంక కూడా చూడకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. బేరమాడలేదు. ఆ వాకిట్లోనే, అందరూ చూస్తుండగా, పూర్తిగా వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. అంత నిండుగా నామీద ఎవరూ కూర్చోలేదు, మునసబు గారితో సహా.

ఇంటికి తీసుకుపోతాడనుకున్నాను. పల్లెలోని క్రైస్తవుల గుడికి ఇచ్చేశాడు. ఇచ్చేముందు నా వీపుమీద తెల్ల రంగుతో రాయించాడు: "ప్రభువునందు నిద్రించిన సింగయ్య గారి జ్ఞాపకార్థం, కుమారుడు ఎలీషా." తండ్రి పేరు చిన్న అక్షరాల్లో, కొడుకు పేరు పెద్ద అక్షరాల్లో పడింది. అది పెయింటరు పొరపాటు అన్నారు. కావచ్చు. ఆ గుడిలో ఫ్యాన్ల రెక్కలమీదా, గోడ గడియారం మీదా, నీళ్ళ డ్రమ్ముమీదా ఉన్న పేర్లలో కూడా అదే పొరపాటు జరిగింది.

గుడి చిన్నది. జనం చాపలమీద కూర్చుంటారు, మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. నన్ను ముందు, ప్రసంగం చెప్పే బల్ల పక్కన, జనం వైపు తిప్పి వేశారు. అక్కణ్ణుంచి నాకు గుమ్మం ఎదురుగా కనబడుతుంది, గుమ్మం దాటాక వరండా కూడా. "దేవుని ముందు అందరూ ఒక్కటే, ఆయన పక్షపాతి కాడు" అనే మాట ఆ గుడిలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చెప్పేవాళ్ళు మనస్ఫూర్తిగానే చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా జనం ఆమెన్ అనేవారు. అని, నావంక చూసి, నామీద దుమ్ము పడకుండా టర్కీ టవలు సర్దేవారు. ఎందుకంటే నేను ఎలీషా సారు కుర్చీని. ఆయన క్రిస్మస్‌కి ఒకసారీ, ఈస్టరుకి ఒకసారీ వచ్చేవాడు. మిగిలిన యాభై ఆదివారాలు నేను ఖాళీగా ఉండేదాన్ని. నామీద టవలే ఆరాధనలో పాల్గొనేది.

ఇప్పుడు కెజియమ్మ సంగతి చెప్పాలి. డెబ్బై ఏళ్ళ మనిషి. శనివారాలు గుడి ఊడ్చేది ఆవిడే. నాలుగు కాళ్ళూ ఎత్తి మరీ నాకింద ఊడ్చేది కానీ ఒక్కసారి కూడా నామీద చెయ్యి ఆనించలేదు. నలభై ఏళ్ళు బురదలో నాట్లేసిన మోకాళ్ళు, ఒక వర్షాకాలం ముందు పూర్తిగా మొరాయించాయి. చాపమీద కూర్చుంటే ఇద్దరు లేపాలి. కొన్ని వారాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండు గంటల ఆరాధన నిలబడి వినడం నాలాంటి చెక్కకి సరే, ఆవిడకి కుదర్లేదు. ఒక ఆదివారం ఇంటినుంచి నీలం ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని వెనక చాప పక్కన వేసుకుంది.

సంఘ పెద్ద నతానియేలు చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్ళేది ఆయనే. పద్ధతి అంటే మాత్రం ప్రాణం. స్టూలు చూసి దగ్గరికొచ్చాడు.

"ఏంది కెజియమ్మా ఇది? మగోళ్ళు కింద కూర్చునుంటే నువ్వు పైన కూర్చుంటావా? రేపు అందరూ తెచ్చుకుంటే గుడి ఏమవుద్ది?"

"మోకాళ్ళు వంగట్లేదయ్యా."

"నేను కాదన్నానా? వరండాలో వేసుకో. గాలి కూడా బాగుంటది."

వరండాలో వేసుకుంది. గాలి నిజంగానే బాగుంటుంది. మైకు కూడా వినబడుతుంది. ఆరాధనకి వచ్చినట్టే లెక్క. నతానియేలు తృప్తిగా ముందుకొచ్చి, నామీద టవలు మడత సరిచేశాడు. నేను ఎవరికోసం ఎదురుచూస్తున్నానో ఆయన అప్పుడు టౌన్లో నిద్రపోతూ ఉండుంటాడు.

కానీ నెల మొదటి ఆదివారం వచ్చింది. మా గుడికి పాస్టరు అయ్యగారు నెలకి ఒక్కసారే వస్తారు. ఆయనకి నాలుగు ఊళ్ళు, ఒక మోటారు సైకిలు. ఆయన వచ్చిన రోజే ప్రభువు బల్ల. గోరంత రొట్టె ముక్క, వేలెడంత గ్లాసులో గుక్కెడు ద్రాక్షరసం. అయ్యగారు ప్రార్థన చేశాక, జనం మెల్లగా పాట పాడుతుంటే, నతానియేలు పళ్ళెం పట్టుకుని చాప చాపకీ తిరిగి అందిస్తాడు. కెజియమ్మ కొంగు తలమీద కప్పుకుని, రెండు చేతులూ దోసిలి పట్టి, స్టూలుమీద ముందుకు వంగి కూర్చుంది. పళ్ళెం చివరి చాపదాకా వచ్చింది. చివరి మనిషి తీసుకున్నాక వెనక్కి తిరిగింది. గడప దాటలేదు.

కోపంతోనో కక్షతోనో కాదు. ఆయన పద్ధతిలో చివరి చాప అంటే చివరి మనిషి. గడప అవతల చాప లేదు కాబట్టి మనిషి కూడా లేదు. కెజియమ్మ కాసేపు దోసిలి అలాగే ఉంచి, తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పై నెల అలాగే జరిగింది. ఆ పై నెల కూడా. ఆవిడ అడగలేదు. ఎందుకు అడగలేదంటే, అది అడిగి తీసుకునేది కాదని ఆవిడ నమ్మకం. నెలంతా ఆవిడ ఆ ఒక్క గుక్కకోసం బతికేదని, శనివారాలు ఊడుస్తూ తనలో తను మాట్లాడుకునే మాటలు విన్నాను కాబట్టి నాకు తెలుసు. "మూణ్నెల్లయింది నాయనా, నన్ను నీ బల్లకాడికి రానియ్యట్లేదా, నావల్ల ఏం తప్పు జరిగింది" అని ప్రభువుని అడిగేది. తప్పు తనదే అనుకుంది. అది విన్నప్పుడు నాకు బాధ కలిగింది. కుర్చీకి బాధేమిటని మీరు అనుకోవచ్చు, అనుకోండి.

ఇంతలో గుడికి యాభై ఏళ్ళు నిండాయి. జూబిలీ. ముఖ్య అతిథి ఎలీషా సారు. శనివారం సాయంత్రం నతానియేలు నన్ను బయటికి తెచ్చి, తన చేత్తోనే వార్నీషు వేశాడు. ఒక పూత సరిపోతుంది. ప్రేమ కొద్దీ మూడు పూతలు వేశాడు. వర్షాకాలం చివరి రోజులు, గాలి నిండా తేమ. తెల్లారేసరికి పైన ఆరినట్టే ఉంది. లోపల బెల్లం పాకంలా ఉన్నాను. దానిమీద కొత్త టవలు వేశారు.

ఎలీషా సారు తెల్ల పంచె, తెల్ల లాల్చీతో వచ్చాడు. మనిషి ఇప్పుడు బాగా బరువెక్కాడు, నడకలో ఒక కాలు ఈడుస్తున్నాడు. దండ వేశారు. నామీద వెనక్కి వాలి కూర్చున్నాడు. గంటసేపు బాగానే గడిచింది. అప్పుడు అయ్యగారు "అందరం లేచి ప్రార్థన చేసుకుందాం" అన్నారు. సారు లేచాడు. నేనూ లేచాను.

ఒక జానెడు లేచి, చిర్రుమని శబ్దం చేసి కిందపడ్డాను. సగం టవలు నాకూ, సగం ఆయన వీపుకీ అంటుకుంది. అదృష్టం ఏమిటంటే అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. అయ్యగారి జూబిలీ ప్రార్థన యాభై ఏళ్ళలో ఏ ఒక్కరి పేరూ వదలకుండా సాగుతోంది. సారు గోడ వెంబడే నడిచి, వరండాలోకి వెళ్ళిపోయాడు. ప్రార్థన అయి కళ్ళు తెరిచేసరికి నేను ఖాళీ. సారుకి ఫోనొచ్చిందేమోనని అందరూ అనుకున్నారు. కాంట్రాక్టర్లకి ఫోన్లు రావడం మామూలే. ఆరాధన ముందుకి సాగింది.

వరండాలో కెజియమ్మ ఆయన వీపుమీంచి టవలు పీకేసింది. లాల్చీ వెనక గోధుమరంగు మరక, చాపంత. దాంతో మళ్ళీ లోపలికి ఎలా వస్తాడు? నిలబడదామంటే కాలు ఆగట్లేదు. ఆవిడ తన స్టూలు ఆయన ముందుకి జరిపి, తను గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపల పాట మొదలైంది. మాటలు పాటలో కలిసిపోయేవే, కానీ నా నాలుగు కాళ్ళూ నేలమీదే ఉంటాయి, నేలలోంచి నాకు అన్నీ వినిపిస్తాయి.

నతానియేలు పళ్ళెంతో బయల్దేరాడు. చాప తర్వాత చాప. ఎలీషా సారు తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. పళ్ళెం చివరి చాప దగ్గరికి వచ్చింది. వెనక్కి తిరిగింది.

సారు తలెత్తాడు. "ఇటు రారా?"

"రారు బాబూ. చివరి చాపతో సరి."

"నీకు ఇవ్వకుండానే?"

"మర్చిపోతారు. పనిలో ఉంటారు గదా."

"ఎన్నాళ్ళనుంచి?"

"నేను ఈ స్టూలు తెచ్చుకున్న దగ్గర్నుంచి. ఇది నాలుగో నెల."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఈలోగా వెనక చాపలో ఎవరో చెప్పినట్టున్నారు, సారు వరండాలో ఉన్నాడని. నతానియేలు పరుగులాంటి నడకతో గడప దాటాడు. పళ్ళెంలో ఒక రొట్టె ముక్క, ఒక గ్లాసు.

గడప దాటి వస్తున్న పళ్ళేన్ని కెజియమ్మ చూసింది. గబగబా కొంగు తలమీద కప్పుకుని, రెండు చేతులూ చాపింది.

"నీక్కాదు, కాస్త పక్కకి జరుగు" అన్నాడు నతానియేలు. పళ్ళేన్ని ఆవిడ చేతులమీదుగా దాటించి ఎలీషా సారు ముందు పెట్టాడు. "క్షమించాలి సార్, మీరు ఇక్కడున్నారని తెలవలా."

పళ్ళెం వైపు తిరగడంతో సారు వీపు మాత్రమే నాకు కనబడుతోంది, ఆ మరకతో. ఒక చెయ్యి పైకి లేచి పళ్ళేన్ని కెజియమ్మ వైపుకి జరిపింది.

"ముందు ఆమెకియ్యి."

"ఒక్కటే ఉంది సార్."

"అయితే ఇంక ఆలోచించేదేముంది?"

నతానియేలు ఇచ్చాడు. కెజియమ్మ తీసుకుంది. రసం మింగాక కూడా గ్లాసు పెదాలకే పట్టుకుని నిలబడింది, ఏడుస్తోందో ప్రార్థిస్తోందో తెలీలేదు. ఎలీషా సారు కారెక్కి వెళ్ళిపోయాడు. జూబిలీలో వచ్చినవాళ్ళందరికీ రొట్టె, రసం అందాయి, ముఖ్య అతిథికి తప్ప.

పెద్దలు సమావేశం పెట్టుకుని కారణం తేల్చారు. సారుకి వార్నీషువల్ల కోపం వచ్చింది. వెంటనే ఎర్ర వెల్వెట్టు వేసిన కొత్త కుర్చీ తెప్పించి నా చోట్లో వేశారు. టవలు పీచు అంటుకున్న నన్ను వరండాలో ఒక మూల పడేశారు. సారు అయ్యగారికి ఫోన్ చేసి, ఆ పెద్దావిణ్ణి లోపల కుర్చీవేసి కూర్చోబెట్టమన్నాడట. అయ్యగారు ఆ మాట పెద్దలకి చెప్పారు. పెద్దలు దాన్ని కమిటీలో పెట్టారు. ఇప్పటికీ అది కమిటీలోనే ఉంది.

పై నెల మొదటి ఆదివారం, క్రిస్మస్ కాదు, ఈస్టరూ కాదు, ఎలీషా సారు వచ్చాడు. వెల్వెట్టు కుర్చీ గుమ్మంలోంచే కనబడుతోంది. దానివైపు వెళ్ళకుండా వరండాలోనే ఆగాడు. కెజియమ్మ నన్ను కొంగుతో తుడిచింది.

"కూర్చో బాబూ. మీ కుర్చీయే గదా."

"నువ్వు కూర్చో అత్తా. నాకు స్టూలు చాలు."

"వద్దొద్దు, మీ నాయన పేరుంది దీనిమీద."

"మా నాయన జన్మలో కుర్చీ ఎక్కలా. ఆయన పేరుమీద ఎవరో ఒకరు కూర్చోవాలి గదా, కూర్చో."

కూర్చుంది. అంచుమీద. తేలిగ్గా, ఇప్పుడే లేచిపోతానన్నట్టు. ఆ రోజు పళ్ళెం గడప దాటి వచ్చింది, రెండు ముక్కలూ రెండు గ్లాసులతో. నతానియేలు ముందు సారుకి పట్టబోయి, ఆయన చూపు చూసి, ఆవిడకి పట్టాడు.

ఆ తర్వాత ఏ మొదటి ఆదివారమూ ఎలీషా సారు తప్పలేదు. ఎందుకొస్తున్నాడో నాకు తెలుసు. తను వచ్చి కూర్చుంటేనే ఆ పళ్ళెం గడప దాటుతుంది. సంఘమంతా మాత్రం సారుకి భక్తి ముదిరిందని సంతోషించింది. నేల అంటుకునే స్టూలుమీద కూర్చునే ఆయన తగ్గింపు గుణాన్ని మెచ్చుకున్నారు. పక్కన నామీద ఎవరు కూర్చున్నారో ఎవరూ గమనించినట్టు లేదు. కెజియమ్మ బరువు మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. ఎనిమిదో నెలకి నా వీపుకి ఆనుకుంది.

తొమ్మిదో నెల సారు రాలేదు. షుగరుతో కాలు పాడైతే ఆపరేషన్ చేశారట. కెజియమ్మ పొద్దున్నే వచ్చి, ఖాళీ స్టూలు తుడిచి, పక్కన పెట్టి, కూర్చుంది. లోపల పాట మొదలైంది. ఈ రోజు పళ్ళెం గడప దాటి రాదని ఆవిడకి తెలుసు. కొంగు తలమీదికి లాక్కోలేదు.

నతానియేలు పాట పాడుతూ చాప తర్వాత చాప అందించుకుంటూ వచ్చాడు. చివరి చాప అయింది. కాళ్ళు అలవాటుకొద్దీ ఆగకుండా గడప దాటాయి. దాటాక తలెత్తి చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది. పాట ఆపేశాడు.

ఆయన ఇబ్బంది పడుతున్నాడని కెజియమ్మే సర్దిచెప్పింది. "బాబు రాలేదయ్యా. కాలికి ఆపరేషనంట. నువ్వు చూసుకోలా."

నతానియేలు పళ్ళెంవంక చూశాడు. రెండు ముక్కలు, రెండు గ్లాసులు. లోపల జనం పాట చివరికి వచ్చారు. వెనక్కి తిరిగితే తిరగొచ్చు, ఎవరూ అడగరు, ఆవిడ అసలే అడగదు.

"ఆయన కోసం వచ్చానని ఎవరన్నారు?" అన్నాడు. "నీకోసమే వచ్చా. తీసుకో."

కెజియమ్మ చేతులు చాపింది. మిగిలినది పంచేవాడు తీసుకోవడం ఆచారం. రెండో గ్లాసు పట్టుకుని నతానియేలు స్టూలుమీద కూర్చున్నాడు, నాపక్కన, ఆవిడకంటే ఒక జానెడు కిందగా.

ఆయన చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనుకుంటాను.

పై నెల కూడా ఎలీషా సారు రాలేదు. పళ్ళెం వచ్చింది.